నెలలు నిండని మేకపిల్లల సంరక్షణ (కదిరి ప్రాంతం)

నెలలు నిండని మేకపిల్ల అనగా గర్భకాలం పూర్తి కాకముందే పుట్టిన మేకపిల్ల. మేక చూడి కట్టిన సుమారు 150 రోజులకు, అంటే ఐదు నెలలకు ఈనుతుంది. నాలుగైదు రోజులు అటూ ఇటూ కావడం సహజం. 145 రోజులు నిండక ముందు పుట్టిన పిల్లను సాధారణంగా నెలలు నిండనిదిగా లెక్కిస్తారు. 140 రోజులకు ముందే పుడితే ఊపిరితిత్తులు పక్వానికి రానందువలన బ్రతికే అవకాశం చాలా తక్కువ. ఆ తరువాత పుట్టిన పిల్లలను వెచ్చదనం, ముర్రుపాలు, శుభ్రత అనే మూడింటితో అనేక సందర్భాలలో కాపాడుకోవచ్చు. వీటిలో వరుస ముఖ్యమైనది. చల్లబడిన పిల్లకు ముందు వేడి కలిగించి, తరువాతనే పాలు పట్టాలి.

కదిరి ప్రాంతం

కదిరి పట్టణం 2022 ఏప్రిల్ 4 వరకు అనంతపురం జిల్లాలో ఉండేది. ఆ రోజు ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇప్పుడు భాగం. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వర్షాధారపు వేరుశనగ ఇక్కడి ప్రధాన పంట. పంట పోయిన సంవత్సరం గొర్రెలు, మేకలే చాలా కుటుంబాలను ఆదుకుంటాయి. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మేకల సంఖ్య సుమారు 55 లక్షలు. భూమి లేని కుటుంబానికి రెండు మూడు మేకలే ఆపదకు అమ్ముకొనే ఆస్తి కనుక, ఒక్క పిల్ల చనిపోయినా అది చిన్న నష్టం కాదు.

ఎండలకు పేరుబడిన ఈ సీమలో చలి వలన పిల్లలు చనిపోతాయంటే కొందరు నమ్మరు. కాని డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్ సమీపానికి దిగుతుంది. పొడిగా ఉన్న పెద్ద మేకకు ఇది చలి కాదు. ఉమ్మనీటితో తడిసి, గాలి వీచే దొడ్డిలో పడిన కిలోన్నర పిల్లకు ఇది ప్రాణాంతకం. జూన్, జూలై నెలలలో చూడి కట్టిన మేకలు సరిగ్గా ఈ చలి మొదలయ్యే నవంబరు, డిసెంబరు నెలలలోనే ఈనుతాయి.

త్వరగా చల్లబడడానికి కారణాలు

అప్పుడే పుట్టిన పిల్ల శరీరంలో గోధుమరంగు కొవ్వు అనే ప్రత్యేకమైన కొవ్వు కొద్దిగా నిలువ ఉంటుంది. అది కరిగి వేడిని ఇస్తుంది. నెలలు నిండని పిల్లలో ఈ నిలువ తక్కువ. వెంట్రుకలు పొట్టివి, చర్మం పలుచన. శరీర బరువుతో పోల్చితే చర్మ వైశాల్యం ఎక్కువ కాబట్టి వేడి త్వరగా పోతుంది. పైగా పిల్ల లేచి పాలు త్రాగలేదు. పాలు లేనందున వేడి పుట్టదు, వేడి లేనందున పాలు త్రాగే శక్తి రాదు.

గుర్తుపట్టే లక్షణాలు

* వెంట్రుకలు పొట్టిగా, పట్టువలె మెత్తగా ఉంటాయి.
* క్రింది దవడ ముందు పండ్లు చిగుళ్ళను దాటి పైకి రావు.
* చెవులు వాలిపోయి, గిట్టలు మరీ మెత్తగా ఉంటాయి.
* నిలబడలేదు, చీకే శక్తి తక్కువ, శ్వాస వేగంగా లేదా తెరలు తెరలుగా ఉంటుంది.

కవల పిల్లలు, తల్లికి మేత చాలక చిక్కిన పిల్లలు నెలలు నిండినా చిన్నవిగా పుట్టవచ్చు. వాటి ఊపిరితిత్తులు పక్వమై ఉంటాయి కనుక బ్రతికే అవకాశం ఎక్కువ.

పుట్టిన వెంటనే

ముక్కు, నోటి వద్ద ఉన్న జిగురును శుభ్రమైన గుడ్డతో తుడవాలి. శ్వాస తీసుకోకపోతే గడ్డిపోచతో ముక్కు రంధ్రాన్ని గిలిగింత పెట్టి, ఛాతీని గుడ్డతో రుద్దాలి. పిల్లను తల్లి తల దగ్గర ఉంచితే అది నాకుతుంది. దీనివలన పిల్ల ఆరుతుంది, తల్లి వాసనతో దానిని తనదిగా గుర్తిస్తుంది. తల్లి నాకకపోతే పాత నూలుగుడ్డతో పూర్తిగా ఆరేవరకు తుడవాలి. బొడ్డును టింక్చర్ అయోడిన్‌లో ముంచాలి. పేడ, బూడిద, మట్టి పూయరాదు. వాటి వలన ధనుర్వాతం, కీళ్ళవాపు వచ్చే ప్రమాదం ఉంది.

వేడి కలిగించే పద్ధతులు

ఆరోగ్యంగా ఉన్న పిల్ల శరీర ఉష్ణోగ్రత సుమారు 39 నుండి 40 డిగ్రీలు ఉంటుంది. మామూలు డిజిటల్ థర్మామీటరును ఆసనంలో ఉంచి చూడవచ్చు. 37 డిగ్రీల కంటె తగ్గితే పరిస్థితి తీవ్రమైనది. థర్మామీటరు లేనప్పుడు నోటిలో వేలు పెట్టి చూడాలి. నోరు చల్లగా ఉంటే పిల్ల చల్లబడినట్లే.

* పొడి గోనెసంచి, కంబళిలో చుట్టి మనిషి ఒడిలో పెట్టుకోవడం అన్నిటికంటె సులువు.
* వేడినీళ్ళ సీసాలను గుడ్డలో చుట్టి పిల్లకు ఇరువైపులా ఉంచి, చల్లారిన వెంటనే మార్చాలి. సీసా చర్మానికి నేరుగా తగలరాదు.
* గంప లేదా అట్టపెట్టెలో ఎండుగడ్డి, బూజు లేని వేరుశనగ పొట్టు మందంగా పరచాలి. గాలి ఆడే సందు తప్పనిసరిగా ఉండాలి.
* వేడికోసం పాత రకం ఫిలమెంటు బల్బును వాడాలి. ఎల్‌ఈడీ బల్బు వెలుగు ఇస్తుందే గాని పిల్లకు చాలినంత వేడి ఇవ్వదు. బల్బును గడ్డికి దూరంగా గట్టిగా కట్టాలి.
* పిల్ల బాగా చల్లబడితే తల బయట ఉండేటట్లు ప్లాస్టిక్ సంచిలో ఉంచి, సుమారు 40 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ముంచి పట్టుకోవచ్చు. సంచి వలన ఒంటికి అంటిన వాసన పోదు, తల్లి పిల్లను తోసివేయదు.

మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టరాదు. దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువు పిల్లకే కాక ఇంట్లో నిద్రించే మనుషులకు కూడా ప్రాణాంతకం.

పుట్టి ఐదు గంటలు దాటి, బాగా చల్లబడి, తల ఎత్తలేని పిల్లలో రక్తంలోని చక్కెర కూడా అడుగంటి ఉంటుంది. చక్కెర అందకుండా వేడి చేస్తే మూర్ఛ వచ్చి చనిపోవచ్చు. ఇటువంటి పిల్లకు పశువైద్యుడు ముందుగా గ్లూకోజు ఇంజెక్షను ఇస్తారు.

ముర్రుపాలు

మేక గర్భంలో రోగనిరోధక పదార్థాలు మావి ద్వారా పిల్లకు చేరవు. అవి ముర్రుపాల ద్వారానే అందాలి. పిల్ల ప్రేగు వాటిని మొదటి కొద్ది గంటలలో బాగా పీల్చుకొంటుంది. 24 గంటల తరువాత ఈ శక్తి దాదాపు పోతుంది. అందువలన తొలి రెండు గంటలలో కొంతైనా పట్టాలి. మొదటి రోజు మొత్తం మీద శరీర బరువులో కనీసం పదవ వంతు, అంటే కిలోన్నర పిల్లకు 150 మిల్లీలీటర్లు అందాలి. నెలలు నిండని పిల్లకు రెండు గంటలకు ఒకసారి కొద్దికొద్దిగా పట్టడం మేలు.

ముర్రుపాలను పొయ్యి మీద కాచకూడదు. అలా చేస్తే గట్టిపడి జున్ను అవుతాయి, రోగనిరోధక శక్తి నశిస్తుంది. పాల గిన్నెను వేడినీటి పాత్రలో ఉంచి గోరువెచ్చగా చేయాలి. పిల్లను పొట్ట మీద కూర్చుండబెట్టి, తల మామూలు ఎత్తులో ఉంచి పట్టాలి. చీకలేని పిల్ల నోటిలో పాలు పోస్తే ఊపిరితిత్తులలోకి పోతాయి. దానికి గొట్టం ద్వారా పాలు పట్టడం తెలిసినవారి చేతనే చేయించాలి. తల్లి వద్ద పాలు లేకపోతే అదే సమయంలో ఈనిన మరొక మేక ముర్రుపాలు శ్రేష్ఠం. అవీ దొరకనప్పుడు ఆవు ముర్రుపాలు వాడవచ్చు.

మనుషులకు జాగ్రత్తలు

వరుసగా మేకలు ఈసుకుపోతుంటే బ్రుసెల్లోసిస్ వంటి అంటువ్యాధి ఉండవచ్చు. ఇది మనుషులకూ సోకుతుంది. మావిని, చనిపోయిన పిల్లను ఒట్టి చేతులతో తాకరాదు. సున్నం చల్లి లోతుగా పూడ్చి, కుక్కలకు అందకుండా చూడాలి. గర్భిణీ స్త్రీలు ఈనే మేకలకు దూరంగా ఉండాలి. పచ్చిపాలు త్రాగరాదు.

నివారణ

గర్భస్థ పిల్ల పెరుగుదలలో అధికభాగం చివరి రెండు నెలలలో జరుగుతుంది. నవంబరు, డిసెంబరులలో ఈనే మేకకు ఆ కాలం సెప్టెంబరు, డిసెంబరు నెలల మధ్య వస్తుంది. వాన తప్పిన సంవత్సరం మేపు కొరవడేది కూడా అప్పుడే. కనుక ఆ మేకలకు వేరుశనగ కట్టె, అవిసె, సుబాబుల్ ఆకు, కొద్దిపాటి దాణా విడిగా పెట్టాలి. చూడి మేకలను దూరం తోలరాదు, ఇరుకు గుమ్మాలలో తోసుకోనీయరాదు. పోతుతో కలిసిన తేదీని వ్రాసి ఉంచుకొంటే ఈనే రోజును ముందుగానే లెక్కకట్టవచ్చు. అప్పుడు పొడిగడ్డి, గోనెసంచి, అయోడిన్ ముందే సిద్ధంగా ఉంటాయి. చలిరాత్రి ఈనిన పిల్ల కోసం అర్ధరాత్రి వెదుకులాడే పని ఉండదు.