ఒకే టైరు అన్ని కాలాలకీ సరిపోతుందా? స్పోర్ట్స్ కారు టైర్ల వెనక 90 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ ఫొటోతో మొదలైంది.

పోయిన నవంబర్‌లో మా బీటెక్ గ్రూపులో ఒక ఫొటో పడింది. ఫుట్‌పాత్ అంచుకి గుద్దుకుని వంకర పోయిన అల్లాయ్ వీల్. కారు మా హాస్టల్ రూమ్మేట్‌ది. వాడు మిషిగన్‌లో ఎంఎస్ చేసి, ఉద్యోగంలో కుదురుకున్నాక, కాలేజీ రోజుల నుంచి కలగన్న స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాడు. ఆ రోజు రోడ్డు మీద మంచు లేదు, వాన లేదు. ఉదయం ఏడు గంటలు, మైనస్ 4 డిగ్రీలు. ఇంటి దగ్గర మలుపులో నిదానంగానే తిప్పాడట. స్టీరింగ్ తిరిగింది, కారు మాత్రం తిన్నగా పోయింది.

నేనేం చేశాను? "నీకు డ్రైవింగ్ రాదు మావా" అని రాసి, నవ్వే ఎమోజీ పెట్టాను. ఆ రాత్రి వాడు ఫోన్ చేశాడు. "రేయ్, వెనక సీట్లో పాప ఉంది రా" అన్నాడు. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ ఎమోజీ గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

టైర్లు అరిగిపోలేదు, దాదాపు కొత్తవి. ఆ కారుకి సరైన సైజువే. మరి తప్పు ఎక్కడ? వాడు అడిగింది ఒక్కటే. "ఎండ, వాన, మంచు, అన్నిట్లో ఇదే కారు నడపాలి. ఏ టైర్లు వేయించమంటావ్?" సమాధానం కోసం వెతుకుతూ పోతే నేను 1934లో తేలాను. రండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఫిన్లాండ్‌లో నోకియా అని ఒక ఊరు ఉంది. అవును, మన చిన్నప్పటి స్నేక్ గేమ్ ఫోన్ నోకియానే. ఆ ఊళ్లో ఒక రబ్బరు కంపెనీ ఉండేది. మంచులో లారీలు ఇరుక్కుపోతుంటే, 1934లో వాళ్లు మంచు కోసమే ఒక టైరు తయారు చేశారు. మంచుని కరిచి పట్టుకునేలా అడ్డంగా లోతైన గాడులు పెట్టారు. ప్రపంచంలో మొదటి వింటర్ టైరు అదే అంటారు. 1936లో కార్లకి కూడా తెచ్చారు, దాని పేరు హక్కాపెలీట్టా. ఆ పేరుతో ఇప్పటికీ టైర్లు అమ్ముతున్నారు. తర్వాత 1967లో ఆ రబ్బరు కంపెనీ, ఒక కేబుల్ కంపెనీ, ఒక పేపరు కంపెనీ కలిసి నోకియా కార్పొరేషన్ అయ్యాయి. ఫోన్లు వచ్చింది ఆ కుటుంబం నుంచే.

ఇక్కడ ఒక విషయం గమనించండి. వాతావరణాన్ని బట్టి టైరు మార్చాలి అన్న ఆలోచన వేగం కోసం పుట్టలేదు. సరుకు ఊరికి చేరడం కోసం పుట్టింది.

తర్వాతి మలుపు ఫ్రాన్స్‌లో. మిషెలిన్ కంపెనీలో మారియస్ మిన్యోల్ అని ఒకాయన ఉండేవాడు. ఆయన ఆ కంపెనీలో చేరింది ప్రింటింగ్ పనికి. టైరు పక్కగోడలు ఎందుకు అంత వేడెక్కుతాయో చూడడానికి, గోడల్లో గుడ్డ పొరలు తీసేసి, దూరం దూరంగా ఉక్కు తీగలు పెట్టి ఒక టైరు తయారు చేశాడు. చూడడానికి పంజరంలా ఉందని దానికి ఈగల బోను అని పేరు పెట్టారు. అదే రేడియల్ టైరు. 1946లో పేటెంట్, 1949లో మార్కెట్. పక్కగోడ మెత్తగా వంగుతుంది, కానీ రోడ్డుని తాకే భాగం పరుచుకునే ఉంటుంది. ఈరోజు మన కార్లన్నీ దీని మీదే నడుస్తున్నాయి.

సరే, పట్టు పెరిగింది. పట్టు పెరిగాక ఏం చేస్తాం? వేగం పెంచుతాం. అప్పుడు కొత్త శత్రువు బయటికొచ్చింది, నీళ్లు.

దీని లెక్క తేల్చింది ఎవరో తెలుసా? నాసా. రాకెట్ల వాళ్లకి టైర్లతో ఏం పని అనకండి. తడి రన్‌వేల మీద విమానాలు జారిపోతున్నాయి. వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెహర్ అనే ఇద్దరు పరిశోధకులు 1963లో ఒక రిపోర్టు ఇచ్చారు. నీళ్లు టైరు కింద నుంచి తప్పుకోవడానికి టైమ్ చాలకపోతే, టైరు నీళ్ల మీదకి ఎక్కేస్తుంది. రోడ్డుకీ టైరుకీ సంబంధం తెగిపోతుంది. దాన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. అప్పుడు బ్రేకూ స్టీరింగూ ఉన్నా లేనట్టే.

వాళ్ల ఫార్ములా ఇంటర్ ఫిజిక్స్ అంత సింపుల్. టైర్లో గాలి ఎన్ని పీఎస్ఐ ఉందో దానికి వర్గమూలం తీసి, 10.35తో గుణిస్తే, గంటకి ఎన్ని మైళ్ల దగ్గర టైరు తేలుతుందో వస్తుంది. 32 పీఎస్ఐ అనుకోండి, సుమారు 58 మైళ్లు, అంటే గంటకి 94 కిలోమీటర్లు. గాలి 25కి పడిపోతే అది 83 కిలోమీటర్లకే వచ్చేస్తుంది. ఇది గాడులు లేని నున్నటి టైరుకి, లేదా గాడుల లోతుని మించి నీళ్లు నిలిచినప్పుడు. గాడులు బాగుంటే, నీళ్లు తక్కువుంటే ఇంకొంచెం వేగం దాకా ఆగుతుంది. హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద వానలో అందరూ ఎంత స్పీడులో పోతారో ఒకసారి గుర్తు తెచ్చుకుని ఈ నంబర్ చూడండి.

ఇప్పుడు అసలు స్పోర్ట్స్ కార్ల దగ్గరికి వద్దాం. 1970ల మధ్యలో ఇటలీ కంపెనీ పిరెల్లీ, లాన్చా స్ట్రాటోస్ అనే ర్యాలీ కారు కోసం పీ7 అనే టైరు చేసింది. వెడల్పు చాలా ఎక్కువ, పక్కగోడ ఎత్తు చాలా తక్కువ. కొద్ది రోజులకే అది పోర్షే 911 టర్బోకి ఎక్కింది. ఈరోజు స్పోర్ట్స్ కారు అనగానే మన కళ్ల ముందు కనిపించే ఆ వెడల్పాటి, సన్నంచు టైరు ఫ్యాషన్ అక్కడి నుంచే ఊపందుకుంది.

ఎండలో అది అద్భుతం. కానీ నాసా లెక్క పక్కన పెట్టి చూడండి. టైరు ఎంత వెడల్పైతే, మధ్యలో ఉన్న నీళ్లు పక్కకి పోవడానికి అంత ఎక్కువ దూరం వెళ్లాలి. టైమ్ మాత్రం అంతే. పొడి రోడ్డు మీద ఏ వెడల్పు పట్టునిస్తుందో, నిలిచిన నీళ్లలో ఆ వెడల్పే కారుని తేలుస్తుంది. అందుకే స్పోర్ట్స్ కారుకి వానంటే మామూలు కారు కన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి.

టైరు ఎంపిక ఎంత దూరం తీసుకెళ్తుందో ప్రపంచమంతా చూసిన రోజు 1976 అక్టోబర్ 24. జపాన్‌లో ఫుజి ట్రాక్, ఫార్ములా వన్ ఆఖరి రేసు. రష్ సినిమా చూసినవాళ్లకి తెలుసు. నికీ లాడాకి 68 పాయింట్లు, జేమ్స్ హంట్‌కి 65. కుండపోత వాన, ట్రాక్ మీద నీళ్ల కాలవలు. దానికి మూడు నెలల ముందే మంటల్లో కాలి బతికి బయటపడ్డ లాడా, రెండు ల్యాపులు తిరిగి కారు ఆపేశాడు. ప్రాణం కన్నా టైటిల్ ఎక్కువ కాదనుకున్నాడు.

సినిమా ట్విస్ట్ తర్వాత వచ్చింది. వాన ఆగింది, ట్రాక్ ఆరడం మొదలైంది. లీడ్‌లో ఉన్న హంట్ కారుకి ఇంకా వాన టైర్లే ఉన్నాయి. వాన టైరు రబ్బరు మెత్తన, నీళ్లు చల్లబరుస్తుంటేనే అది బతుకుతుంది. పొడి రోడ్డు మీద వేడెక్కి కరిగిపోతుంది. మారియో ఆండ్రెట్టి తన టైర్లని కాపాడుకుంటూ నడిపాడు, రేసు గెలిచాడు. హంట్ టైర్లో గాలి పోయింది, పిట్‌లోకి వచ్చి మార్చుకుని, మళ్లీ తరుముకెళ్లి మూడో స్థానంలో ముగించాడు. 4 పాయింట్లు. మొత్తం 69. ఒక్క పాయింట్ తేడాతో ప్రపంచ ఛాంపియన్. గంట ముందు ప్రాణం కాపాడిన టైరే గంట తర్వాత టైటిల్ పోగొట్టబోయింది.

రేసులో అయితే పిట్‌కి వచ్చి టైరు మార్చేస్తారు. ఆఫీసుకెళ్లేవాడు ఎక్కడ మారుస్తాడు? ఆ సరిగ్గా మరుసటి ఏడాది, 1977లో, గుడ్ఇయర్ అమెరికాలో టియెంపో అనే టైరు తెచ్చింది. అన్ని కాలాలకీ ఒకే రేడియల్ టైరు. జనం ఎగబడ్డారు. అక్కడ ఇప్పుడు మామూలు కార్లలో ఎక్కువ శాతం షోరూమ్ నుంచే ఆల్ సీజన్ టైర్లతో వస్తాయి. స్పోర్ట్స్ కార్లలో మాత్రం చాలావాటికి సమ్మర్ టైర్లే ఉంటాయి. మావాడి కారుకి ఉన్నవి అవే.

ఇప్పుడు ఆ మైనస్ 4 డిగ్రీల ఉదయానికి వద్దాం. చలికాలంలో మన ఇంట్లో నెయ్యి ఎలా గడ్డకడుతుంది? సమ్మర్ టైరు రబ్బరు కూడా దాదాపు అలాగే బిగుసుకుపోతుంది. రోడ్డు మీద ఉండే చిన్న చిన్న గరుకుల్లోకి దిగి పట్టుకోవడమే రబ్బరు పని. గట్టిపడితే దిగలేదు. సుమారు 7 డిగ్రీల కిందకి వెళ్లగానే ఈ పట్టు తగ్గడం మొదలవుతుందని టైరు కంపెనీలే చెప్తాయి. గడ్డకట్టే చలిలో సమ్మర్ టైర్లు వాడొద్దు, రబ్బరు పగలొచ్చు అని హెచ్చరిస్తాయి కూడా. అంటే మంచు పడక్కర్లేదు, చలి ఒక్కటి చాలు. మావాడికి డ్రైవింగ్ వచ్చు. ఆ టైర్లకే చలి పడదు.

మరి కెమిస్ట్రీ దీన్ని పరిష్కరించలేదా? కొంతవరకు పరిష్కరించింది. టైరు నల్లగా ఉండేది కార్బన్ బ్లాక్ వల్ల. 1990ల మొదట్లో మిషెలిన్ అందులో చాలా భాగం తీసి సిలికా కలిపింది, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. తడి రోడ్డు మీద పట్టు పెరిగింది, మైలేజీ కూడా పెరిగింది. అప్పటిదాకా ఒకటి పెంచితే ఇంకోటి పోయేది. ఈరోజు స్పోర్ట్స్ కార్లకనే ప్రత్యేకంగా ఆల్ సీజన్ టైర్లు వస్తున్నాయి. కాంటినెంటల్ వాళ్ల ఒక టైరు మీద డీ, డబ్ల్యూ, ఎస్ అని మూడు అక్షరాలు చెక్కి ఉంటాయి. పొడి, తడి, మంచు. ఎస్ అరిగిపోయిందంటే ఇక మంచులోకి వెళ్లొద్దని అర్థం. ఎంత నిజాయితీ చూడండి, అన్ని కాలాల టైరే తనకి ఏ కాలం అయిపోయిందో చెప్తోంది.

ఇంత చరిత్ర చదివాక నాకు అర్థమైంది ఒక్కటే. టైరుని మన బెస్ట్ రోజు చూసి కొంటాం. ఎండ, ఖాళీ హైవే, ఫుల్ స్పీడ్. కొనాల్సింది మనం తప్పకుండా బయటికెళ్లాల్సిన చెత్త రోజుని చూసి.

మిషిగన్‌లో ఆ చెత్త రోజు నాలుగైదు నెలలుంటుంది. అందుకే మావాడికి రెండు సెట్లు చెప్పాను. చలికాలానికి వింటర్ టైర్లు, వేరే చక్రాల మీద, కారు మాన్యువల్ ఒప్పుకున్నంత సన్నటి సైజు. మంచులో సన్నదే నయం, కోసుకుని కిందకి దిగుతుంది. పక్కన మూడు శిఖరాలు, మంచురేకు బొమ్మ ఉందో లేదో చూసుకోమన్నాను. ఆ గుర్తు మంచు మీద టెస్టు పాసైతేనే ఇస్తారు. ఒట్టి ఎం ప్లస్ ఎస్ అని రాసి ఉంటే టెస్టు పాసైనట్టు కాదు. వాడు డల్లాస్‌లో ఉండుంటే ఒక్క స్పోర్ట్స్ ఆల్ సీజన్ సెట్‌తో సరిపెట్టుకోమనేవాణ్ణి. ఖర్చు ఎక్కువనిపిస్తుంది కానీ, ఒక సెట్ వాడుతుంటే ఇంకో సెట్ అరగదు కదా.

మరి మన హైదరాబాద్, విజయవాడ, వైజాగ్? మనకి మంచు లేదు, వింటర్ టైర్లు అస్సలు వద్దు. మన ఎండకి త్వరగా అరిగిపోతాయి. మన చెత్త రోజు జులై వాన. అందుకని తడి పట్టు బాగున్న సమ్మర్ టైరే మనకి కరెక్ట్. కారు స్పోర్ట్స్ అయినా, మీ నాన్నగారి పాత హ్యాచ్‌బ్యాక్ అయినా సరే. గాడుల మధ్యలో చిన్న గట్లు ఉంటాయి, అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. టైరు అక్కడిదాకా అరిగితే రూల్ ప్రకారమే మార్చేయాలి. వానాకాలానికి అంతదాకా ఆగకండి. నెలకి రెండుసార్లు గాలి చెక్ చేయించండి. 32కీ 25కీ తేడా ఎంతో ఇందాకే చూశాం.

ఈ స్క్రిప్ట్ పూర్తయ్యాక కిందకెళ్లి నా కారు చూశాను. ముందు టైర్లు ఆ గట్ల దాకా వచ్చేశాయి. వాడికి నవ్వే ఎమోజీ పెట్టినవాణ్ణి నేనే. ఫొటో తీసి గ్రూపులో పెట్టి, "సారీ మావా, డ్రైవింగ్ నాకే రాదు" అని రాశాను. వాడు రిప్లై ఇచ్చాడు, కొత్త వింటర్ టైర్ల పక్కన కూర్చున్న పాప ఫొటో.

ఈ ఎపిసోడ్ నచ్చితే లైక్ కన్నా ముందు ఒక పని చేయండి. ఫోన్ టార్చ్ ఆన్ చేసి, కిందకెళ్లి మీ టైర్లు చూడండి. ఏం కనిపించిందో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, బై.