తప్పు జరిగినప్పుడు ఆగుట నేర్చిన యంత్రములు

ఛార్లెస్ బాబేజి 1834లో ఊహించి, 1871లో కన్నుమూయు వరకు పూర్తిచేయలేకపోయిన 'ఎనలిటికల్ ఇంజను'ను గురించి విద్యార్థులు కొంత వినియే వుంటారు. అందులోని ఒక చిన్న ఏర్పాటును మాత్రము చాలమంది గమనించరు. 1864లో వెలువడిన తన స్వీయచరిత్రలో బాబేజి దానిని వర్ణించినాడు.

ఇంజను తనంత తానుగా లెక్క చేసుకొనిపోవుచున్నది. మధ్యలో దానికి 2303 యొక్క సంవర్గమానము కావలసివచ్చినది. అప్పుడది గంట కొట్టి ఆగుతుంది. దగ్గరనున్న సహాయకుడు సొరుగులోని అట్టకార్డులలో తగినదానిని వెదకి యంత్రమునకు అందించాలి. కార్డుమీద రెండు సంఖ్యలకు రంధ్రములుంటాయి: ఒకటి 2303, రెండవది దాని సంవర్గమానములోని దశాంశభాగము 3622939. యంత్రము ఈ కార్డును వెంటనే వాడదు. తాను కోరిన సంఖ్యనుండి కార్డుమీది మొదటి సంఖ్యను తీసివేస్తుంది. శేషము సున్న అయితే పని సాగుతుంది. కాకపోతే ఇంకా పెద్ద గంట మ్రోగించి, పట్టిక సంఖ్య తప్పు అని చూపి, సరియైన కార్డు వచ్చువరకు కదలకుండా వుంటుంది.

ఇక్కడ ఒక సందేహము రావచ్చును. 2303 అని సరిగానే వుండి, ప్రక్కనున్న సంవర్గమానమే తప్పయితే? ఈ తీసివేతకు అది దొరకదు. అందుకే ఆ పట్టికలను కూడ ఇంజనే గుణించి, తానే కార్డులకు రంధ్రములు చేయాలని బాబేజి చెప్పినాడు. మనిషి చేతిలో ఆయనకు నమ్మకము తక్కువ!

అటువంటి ఇంజను తయారు కాలేదు. కాని దారము తెగగానే ఆగే మగ్గము తయారైనది. 1924లో జపానులో సకిచి టొయోడా రూపొందించిన 'జి' రకపు మగ్గము పడుగు దారము తెగితే తనంత తానే ఆగిపోయేది. తెగిన దారముతోనే నేత సాగితే బట్ట నేయబడుతూనే వుంటుంది, కాని అది పనికిరాదు. కంప్యూటరు పనిలోని చిక్కు కూడ సరిగా ఇదే.

ఒక పరీక్షాఫలితాల పని మూడు అంచెలుగా జరుగుతున్నదనుకొందాము. మొదటిది మార్కులను చదువుతుంది. రెండవది, వేరొకరు వ్రాసిన ప్రోగ్రాము, వాటిని కూడుతుంది. మూడవది జాబితా అచ్చువేస్తుంది. రెండవ అంచె సగములో విఫలమైనా మూడవది ఏమీ ఎరుగనట్లు దొరికిన ఫైలునే అచ్చువేయవచ్చు. అది సగము ఫైలు కావచ్చు, నిరుటి ఫైలైనా కావచ్చు. జాబితా మాత్రము చక్కగా, గీతలతోసహా వస్తుంది. అసలు రాకపోతే ఎవరైనా అడిగేవారు. వచ్చిన జాబితాను అనుమానించేవారెవరు? నష్టపోయేది తప్పినట్లు పేరుపడిన పిల్లవాడు.

1964లో ఐ.బి.ఎం. ప్రకటించిన సిస్టమ్-360 కంప్యూటర్ల ఆపరేటింగు సిస్టములో దీనికొక మార్గము కల్పించినారు. ప్రతి అంచె ముగియునప్పుడు ఒక 'రిటర్న్ కోడు'ను వదలిపోతుంది: 0 అయితే క్షేమము, 4 అయితే హెచ్చరిక, 8 అయితే దోషము, 12, 16 అయితే మరింత తీవ్రము. తరువాతి అంచె ఆ కోడును బట్టి నడవాలో మానాలో నిర్ణయమవుతుంది. అయితే ఆ నిబంధనను 'ఎప్పుడు నడపాలి' అని కాక 'ఎప్పుడు మానాలి' అని వ్రాయాలి. ఈ తిరకాసు వల్ల పొరబడిన ప్రోగ్రామర్లు తక్కువమంది కారు.

బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రారంభించిన యూనిక్సులోను 0 అంటే జయము, మరేదైనా అపజయము. విద్యార్థికి సున్న జయమగుట వింతగా తోచవచ్చు. జయము ఒకే విధము, ఓటమికి కారణాలు అనేకము. కాబట్టి మిగిలిన సంఖ్యలన్నీ ఓటమికే వదలినారనుకుంటే సరిపోతుంది. అక్కడ 'ట్రూ' అని, ఏమీ చేయకుండా జయించే ఆజ్ఞ ఒకటున్నది. 1979 నాటి ఏడవ కూర్పులో దాని ఫైలు ఉత్త ఖాళీ!

ఆ కూర్పుతోనే వచ్చిన స్టీఫెన్ బోర్న్ 'షెల్లు'కు, ఆజ్ఞల వరుసలో ఒకటి విఫలమైతే వెంటనే ఆగుమని చెప్పే వీలున్నది. చెప్పకపోతే అది ఆగదు, తరువాతి ఆజ్ఞకు పోతుంది. ఇందులో ఇంకొక లోపమున్నది. ఒక ప్రోగ్రాము ఫలితమును గొట్టము ద్వారా పోసినట్లు మరొకదానికి అందించినప్పుడు, షెల్లు చివరిదాని కోడునే చూస్తుంది. మొదటిది కూలినా, చివరిది వచ్చిన నాలుగు ముక్కలను సరిగా వ్రాస్తే మొత్తము జయమే. గొట్టములోని అన్నిటినీ చూచే 'పైప్‌ఫెయిల్' అను ఏర్పాటు తరువాతి షెల్లులలో వచ్చినది; పోసిక్స్ ప్రమాణములో 2024లో గాని చేరలేదు.

ఇవన్నీ వున్నా రిటర్న్ కోడు ఆ ప్రోగ్రాము తన్నుగురించి తాను చెప్పుకొనే మాట మాత్రమే. లోపల దోషము జరిగినా 0 అని చెప్పి వెళ్లే ప్రోగ్రాములున్నవి. అందుచేత జాగ్రత్తగలవారు తరువాతి అంచెకు ముందు, వచ్చిన వరుసలెన్ని, పంపినవెన్ని అని లెక్కచూచి, తేడా సున్న కాకపోతే పని ఆపుతారు. బాబేజి ఇంజను కార్డు అందగానే చేసిన తీసివేత ఇదే.