కాలి సిర - గుండెకు దారి



నా కాలిమీది పొడుగాటి మచ్చ చూసి మనవడు అడిగాడు: "తాతయ్యా, ఆపరేషన్ గుండెకైతే కాలెందుకు కోశారు?" ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ తెలుసుకున్న చరిత్ర ఇది.

గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనుల్లో కొవ్వు పేరుకుంటే దారి మూసుకుపోతుంది. అడ్డంకి ఎక్కడుందో చూపే కరోనరీ యాంజియోగ్రామ్‌కు 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ మేసన్ సోన్స్ దాదాపు యాదృచ్ఛికంగానే నాంది పలికారు. 1964లో లెనిన్‌గ్రాడ్‌లో డాక్టర్ కొలెసోవ్ ఛాతీ లోపలి ధమనిని గుండె ధమనికి కలిపి కుట్టారు. 1967 మే నెలలో క్లీవ్‌లాండ్‌లోనే డాక్టర్ రెనే ఫావలోరో కాలి సిర ముక్కతో రక్తానికి కొత్త దారి వేశారు. అంతకుముందు ఆయన అర్జెంటీనాలో పన్నెండేళ్ళు పల్లెటూరి వైద్యుడు! కాలిలో వేరే సిరలుంటాయి కనుక ఒకటి తీసినా నడకకు లోటుండదు.

మన దేశంలో తొలి బైపాస్‌ను 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో చేశారు. అది మనవంటి ఉద్యోగుల ఆసుపత్రే కావడం గర్వకారణం.

నాకు మూడుచోట్ల అడ్డంకులున్నాయన్నప్పుడు అంగీకార పత్రం పట్టుకుని పదిరోజులు తాత్సారం చేశాను. చివరికి మా ఆవిడ, "ఆఫీసులో ఎన్ని ఫైళ్ళమీద సంతకాలు పెట్టలేదు? ఈ ఒక్కటీ పెట్టండి" అంది. పెట్టాను. నాలాగే వాయిదా వేసిన మా సెక్షన్ మిత్రుడు మాత్రం ఈ సంచిక చూడటానికి లేడు.

ఛాతీలో నొప్పి వస్తే గ్యాసేలే అని సరిపెట్టుకోకండి. వెంటనే డాక్టరుకు చూపించుకోండి.