కాలేయపు కొవ్వు: గండి ప్రాంతపు మూలికా వైద్యం

పాపఘ్ని నది కొండలను చీల్చుకొని వచ్చే గండి మొదలుకొని పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వరకు, రాయలసీమలోని తక్కిన పల్లెల్లో లాగానే, కాలేయ జబ్బు అనగానే గుర్తుకు వచ్చే మూలిక నేల ఉసిరి. వానలు పడగానే చేలగట్ల మీద జానెడు, మూరెడు ఎత్తున మొలిచే ఈ మొక్కకు రెమ్మల అడుగున ఆవగింజలను మించని కాయలు వరుసగా వేలాడతాయి. దీన్ని వేళ్ళతో సహా నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున ఇవ్వడం పచ్చకామెర్లకు వాడుకలో ఉన్న వైద్యం. కాలేయంలో కొవ్వు పేరుకొనే ఫ్యాటీ లివర్ వ్యాధి చాలాకాలం పైకి ఏ లక్షణమూ చూపదు కనుక, కళ్ళ పసుపును బట్టి రోగాన్ని గుర్తించిన నాటువైద్యానికి అది అందలేదు. స్కానింగ్ వచ్చాక కామెర్ల మందే దీనికీ సంక్రమించింది.

ఇక గ్రంథస్థ ఆయుర్వేదానికి వస్తే, చరకసంహిత మేదస్సును కరిగించే 'లేఖనీయ' ద్రవ్యాల్లో పసుపు, తుంగముస్తలు, కటుకరోహిణిని చేర్చింది.

నేల ఉసిరి ప్రపంచ శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది 1980లలో. హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ బహుమతి అందుకొన్న బరూచ్ బ్లంబర్గ్ బృందం, ఈ మొక్క సారం ఆ వైరస్ వృద్ధికి అవసరమైన ఎంజైమును అడ్డుకొంటుందని 1987లో ప్రకటించింది. మరుసటి ఏడాది మద్రాసులో ఎస్.పి. త్యాగరాజన్, బ్లంబర్గ్ తదితరులు జరిపిన ప్రసిద్ధమైన పరీక్ష లాన్సెట్ పత్రికలో వెలువడింది: 200 మిల్లీగ్రాముల పొడిని రోజుకు మూడుసార్లు చొప్పున 30 రోజులు వాడిన 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ జాడ పోగా, ఉత్తుత్తి మందు తీసుకొన్న 23 మందిలో ఒక్కరికే పోయింది. అయితే తర్వాత ఇతర దేశాల్లో జరిగిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. పైగా ఇదంతా వైరస్‌కు సంబంధించిన పరిశోధనే తప్ప కొవ్వుకు సంబంధించినది కాదు.

చైనా సంప్రదాయ వైద్యం కూడా కామెర్లకు వాడిన యిన్‌చెన్ కషాయాన్ని ఇలాగే కాలేయపు కొవ్వుకు అన్వయించింది. ఆధునిక వైద్యానికి వస్తే, మద్యం అలవాటు లేనివారిలోనూ కొవ్వు వల్ల కాలేయం వాస్తుందని 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లుడ్విగ్ బృందం వివరించింది. భారత ప్రభుత్వం 2021లో ఈ వ్యాధిని జాతీయ అసంక్రామిక వ్యాధుల కార్యక్రమంలో చేర్చింది. బరువు ఏడు నుంచి పది శాతం తగ్గితే కాలేయపు వాపు కూడా తగ్గుతుందన్నది నేటి వైద్యంలో బాగా రుజువైన విషయం. నేల ఉసిరికి ఆ స్థాయి రుజువు ఇంకా లేదు. మూలిక కాబట్టి హాని చేయదన్న నమ్మకం కూడా సరికాదు: కరోనా కాలంలో తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నట్లు 2021లో ముంబయి వైద్యులు నివేదించగా, ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను ఖండించింది.