రెండు పండ్ల నడుమ చిగురుమొన

ప్రక్కప్రక్కనున్న రెండు పండ్లు ఒకదానినొకటి తాకేచోటికీ, చిగురులోపలి ఎముకకూ మధ్య ముక్కోణపు సందు ఉంటుంది. దానిని నింపేది చిగురుమొన. చిగుళ్ళ వ్యాధివల్ల ఇది కుంగిపోతే నల్లని ఖాళీ కనబడుతుంది. ఆహారం అందులో చిక్కుకొంటుంది.

1963లో స్వీడన్ దేశీయుడు బ్యోర్న్, చిగురుముక్కను ఒకచోట తీసి మరొకచోట అంటుకట్టే పద్ధతిని ప్రకటించాడు. పంటి ముందుభాగాన ఇది ఫలించినా సందులో కష్టమైంది. అంటుకట్టిన ముక్క బ్రతకాలంటే అడుగునుండి రక్తం అందాలి. సందులో ఆ చోటే బహు ఇరుకు.

1992లో అమెరికాలో టార్నో, ఆయన సహచరులు 30 మంది నోళ్ళలో 288 సందులను కొలిచారు. ఎముక అంచునుండి పండ్లు తాకేచోటికి దూరం 5 మిల్లీమీటర్లో అంతకు తక్కువో అయితే దాదాపు ప్రతి సందూ నిండి ఉన్నది. 6 అయితే నూటికి 56, 7 అయితే 27 మాత్రమే నిండినవి. అనగా చిగురుమొనకు ఆధారం ఎముకే.

ఆ ఏడే బీగిల్, అంగిలివైపు చిగురును మడిచి మొనగా నిలిపే పద్ధతిని వివరించాడు. 1996లో హాన్, టకేయి మొనకు దూరంగా చిగురును నెలవంకవలె కోసి, మొనను తెంపకుండా పండ్లు తాకేచోటివైపు జరిపి, ఏర్పడిన ఖాళీలో అంగిలినుండి తీసిన కణజాలాన్ని ఇమిడ్చారు.

అయినా ఏ పద్ధతీ ప్రతిసారీ ఫలించదు. ఈ ఇద్దరే 1985లో సహచరులతో కలిసి, ఎముకకు చికిత్స చేసేటప్పుడు మొనను చీల్చకుండా మొత్తంగా ప్రక్కకు తీసే విధానాన్ని ప్రకటించారు. పోయినదాన్ని తెచ్చుకోవడంకంటె ఉన్నదాన్ని నిలుపుకోవడం తేలిక. ఆ పని ప్రతిదినం పండ్ల సందులను శుభ్రపరచుకోవడంతోనే మొదలవుతుంది.