నిదానం: ఒక పాత పికప్పు దాహం కథ

నిదానం అన్న మాటకు రెండు బ్రతుకులున్నాయి. సంస్కృతంలో అది మూలకారణం. వైద్యశాస్త్రంలో రోగకారణాన్ని నిర్ణయించే విద్య. మాధవకరుని గ్రంథాన్ని లోకం మాధవనిదానమని పిలిచింది అందుకే. అదే మాట తెలుగువాడి నోటికి వచ్చేసరికి నెమ్మది అయి కూర్చుంది. పాత పికప్పు ట్రక్కు పెట్రోలును ఎందుకంత తాగుతుందో తెలుసుకోబూనితే, ఈ రెండర్థాలూ ఒకే బండి ఎక్కి కనబడతాయి. సంధులూ సమాసాలూ చెప్పుకుని బ్రతికినవాడికి ఇంజన్ల గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చు. రోగమేదో, నైజమేదో విడదీయడం వ్యాకరణం చదివినవాడికి మరీ పరాయి పని కాదని మనవి.

టెక్సాసులో ఉంటున్న మా అల్లుడు 1989 నాటి పికప్పు నొకదానిని కొన్నాడు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజను. గ్యాలనుకు పది మైళ్ళు ఇస్తున్నది. అంటే మన లెక్కలో లీటరుకు నాలుగుంబావు కిలోమీటర్లు. "మామయ్యగారూ, ఇది దీనికి పట్టిన జబ్బా, పుట్టుకేనా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. అయితే ఇందులో సగం మెకానిక్కును అడగవలసినది, సగం చరిత్రను అడగవలసినది.

మన ఊళ్ళలో బండి కొన్నవాడిని మొట్టమొదట అడిగేది "లీటరుకు ఎంత ఇస్తుంది?" అనే. అమెరికాలో 1973కు ముందు పికప్పు కొనే రైతుకు ఈ ప్రశ్న అంతగా తోచేది కాదు. ఇంధనం చవక, దారులు పొడుగు, బరువులు పెద్దవి. పొదుపు పోటీలు లేకపోలేదు. 1936లో లాస్ ఏంజెలిస్ నుండి యోసెమిటీ వరకు మొదలైన పొదుపు పరుగు పందెం ఒకటి, మధ్యలో యుద్ధకాలపు విరామంతో, 1968 దాకా సాగింది. కానీ అది వేడుకే గాని అవసరం కాదు.

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపివేశాయి. పీపా సుమారు మూడు డాలర్లుండిన ముడిచమురు 1974 జనవరికల్లా పదకొండు దాటింది. పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. 1974 జనవరి 2న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన చట్టంతో దేశమంతటా గంటకు 55 మైళ్ళే గరిష్ఠ వేగమయింది. తెలుగర్థంలో నిదానాన్ని శాసనం చేశారన్నమాట. చట్టం మీద జనానికి ఎంత విసుగున్నా, దాని వెనుకనున్న భౌతికశాస్త్రం గట్టిది. గాలి అడ్డగించే బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 55 నుండి 70 మైళ్ళకు పోతే వేగం పావువంతుకు కొంచెం ఎక్కువగా పెరుగుతుంది. గాలి అడ్డు మాత్రం అరవై శాతం పైగా పెరుగుతుంది. గోడలాంటి ముఖంతో పుట్టిన పికప్పుకు ఈ శిక్ష మరీ ఎక్కువ. ఆ చట్టం 1987లో సడలి, 1995లో రద్దయింది. గాలి మాత్రం తన నియమాన్ని రద్దు చేసుకోలేదు.

1975 డిసెంబరులో మరొక చట్టం వచ్చింది. కార్ల కంపెనీలు అమ్మే బళ్ళ సగటు మైలేజీ 1978కి గ్యాలనుకు 18 మైళ్ళు, 1985కి 27.5 మైళ్ళు చేరాలన్నారు. ట్రక్కులను మాత్రం వేరే పంక్తిలో కూర్చోబెట్టారు. అవి శ్రమజీవుల వాహనాలు గదా, వాటికి వేరే కొలత అన్నారు. ఆ కొలత ఎంత మెత్తనిదంటే 1996లో చేరిన 20.7 మైళ్ళ దగ్గరే 2004 దాకా నిలిచిపోయింది.

దీనికంటె విచిత్రమైనది ఆరువేల పౌండ్ల గీత. 1975లో కాలుష్య నియమాల వలన చాలా కార్లకు పొగగొట్టంలో కెటలిటిక్ కన్వర్టరు పెట్టవలసి వచ్చింది. దానికి సీసం లేని పెట్రోలే పోయాలి. సరుకుతో కలిపి మొత్తం బరువు ఆరువేల పౌండ్లు దాటిన ట్రక్కులకు ఆ బాధ లేదు. ఆ ఏడే ఫోర్డు కంపెనీ ఆ గీతను కాస్త దాటేటట్లు ఎఫ్-150 అనే పికప్పును విడుదల చేసింది. తరువాత అమెరికాలో అన్నిటికంటె ఎక్కువ అమ్ముడైన బళ్ళ వరుసకు అదే తలమానికమయింది. 1979లో ట్రక్కులకు మొదటిసారి మైలేజీ నియమం పెట్టినప్పుడు కూడా ఆరువేల పౌండ్ల లోపువాటికే వర్తించింది. 1980లో గాని గీత 8,500 పౌండ్లకు జరగలేదు. సూత్రం చెప్పిన వెంటనే అపవాదం వెతుక్కునే విద్యార్థిని మేము ఎరుగుదుము. ఇక్కడ కంపెనీలే ఆ విద్యార్థులు.

చిన్న పికప్పులు జపాను నుండి రావచ్చుగదా అంటే, దానికొక కోడి అడ్డమయింది. అమెరికా కోడిమాంసం మీద ఐరోపా దేశాలు సుంకం వేశాయని కోపగించి, 1963 డిసెంబరులో అధ్యక్షుడు జాన్సన్ దిగుమతి చేసుకునే తేలిక ట్రక్కులపై 25 శాతం సుంకం వేశాడు. కోడి తగవు చల్లారినా ట్రక్కు సుంకం దశాబ్దాల తరబడి మిగిలింది. ట్రక్కు ఎందుకు లావయిందో వెతుకుతూ పోతే కోళ్ళగూటిలో తేలడం చరిత్రలో తప్ప వేరొకచోట జరగదు.

కనుక అల్లుడి ప్రశ్నకు మొదటి సగం జవాబు: ఆ దాహంలో చాలా భాగం పుట్టుకే. మిగిలినది రోగం. దానిని పట్టే విద్యకూ ఒక చరిత్ర ఉన్నది.

కార్బ్యురేటరు కాలంలో మెకానిక్కు నాడీ చూచే వైద్యుడు. స్పార్కు ప్లగ్గు విప్పి రంగు చూచేవాడు. లేత గోధుమరంగైతే ఆరోగ్యం. పొడిగా నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఇంజను లోపలికి గాలి పీల్చే గొట్టానికి వాక్యూం గేజి తగిలించి ముల్లు నిలకడను చూచేవాడు. ముల్లు వణికితే వాల్వుల మీద, కిందికి దిగి నిలిస్తే నిప్పు ఆలస్యంగా పడుతున్నదేమోనని దాని మీద అనుమానం. చల్లని వేళ ఇంజనుకు చిక్కని మిశ్రమం అందించే చోక్ వేడెక్కిన తరువాత కూడా మూసుకునే ఉంటే, ఆ బండి రోజంతా పెట్రోలు తాగుతూనే ఉంటుంది.

ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ళ గాలి కలిస్తే మంట సరిగా ముగుస్తుంది. ఈ పాళ్ళను కార్బ్యురేటరు అంచనాగానే ఇచ్చేది. బాష్ కంపెనీ తయారుచేసిన ఆక్సిజను సెన్సారును వోల్వో 1976లో తన కార్లలో పెట్టింది. అది పొగలో మిగిలిన ప్రాణవాయువును రుచి చూచి కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు మిశ్రమాన్ని దిద్దుతుంది. 1980ల చివరికి అమెరికా పికప్పులలోనూ కార్బ్యురేటర్లు పోయి ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లు వచ్చాయి. నాడీ చూడడం పోయి బండినే అడగడం వచ్చింది. ఆనాటి కొన్ని బళ్ళలో డాష్ బోర్డు కింది సాకెట్టులో రెండు కొనలను తీగముక్కతో కలిపితే, ఇంజను దీపం మినుకు మినుకుమంటూ అంకెలలో తన బాధ చెప్పుకునేది. ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క భాష. 1996 నుండి అమెరికాలో అమ్మే కార్లకూ తేలిక ట్రక్కులకూ ఒకే భాష, ఒకే సాకెట్టు తప్పనిసరి అయ్యాయి.

మా అల్లుడి బండిది ఈ రెండు యుగాల నడిమి కాలం. దీపం ఏ ఫిర్యాదూ చెప్పలేదు. చెప్పలేదు కనుక రోగం లేదనుకోవడం తొందరపాటు.

మొదట కొలతనే శంకించాము. పాత యజమాని పెద్ద టైర్లు తొడిగాడు. పెద్ద చక్రం ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. రహదారి పక్కన మైలురాళ్ళు చూస్తూ ఇరవై మైళ్ళు పోతే మీటరు పద్దెనిమిదిన్నరే చూపింది. అంటే పది మైళ్ళన్నది నిజానికి 10.8. ఒక్క పైసా ఖర్చు లేకుండా ఎనిమిది శాతం రోగం కుదిరింది!

తరువాత, జనవరి చలిలో హీటరు వేస్తే వెచ్చని గాలి రాకపోవడం గమనించాము. ఉష్ణోగ్రత ముల్లు సగానికి కూడా రావడం లేదు. థర్మోస్టాటు తెరుచుకునే ఉండిపోయింది. ఇంజను ఎన్నటికీ సరిగా వేడెక్కదు. ఇంకా తెల్లవారలేదనుకుని కంప్యూటరు ఎక్కువ పెట్రోలు పోస్తూ ఉంటుంది. సెన్సారు చెప్పినది నిజమే, కంప్యూటరు చేసినదీ సరియైనదే. అందుకే దీపం వెలగలేదు. పదిహేను డాలర్ల వస్తువు మార్చారు. టైర్లలో తగ్గిన గాలిని నింపారు. అల్లుడు 70కి బదులు 60లో నడపడానికి, మా అమ్మాయి సాక్షిగా, ఒప్పుకున్నాడు.

గాలి ఫిల్టరు మారిస్తే మైలేజీ పెరుగుతుందని పొరుగాయన సలహా. కార్బ్యురేటరు బళ్ళకు అందులో కొంత నిజముంది. కంప్యూటరు బళ్ళలో ఫిల్టరు మురికైనా మిశ్రమం పాళ్ళు చెడవని, మందగించేది వేగం అందుకోవడమేనని 2009లో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల పరీక్షించి చెప్పింది. ఇక అయస్కాంతాలూ, గాలిసుడి పరికరాలూ! 1930లలో కెనడాకు చెందిన పోగ్ అనే ఆయన కార్బ్యురేటరు గ్యాలనుకు 200 మైళ్ళిస్తుందని ప్రచారమైన నాటి నుండి ఈ పరుసవేది వేట ఆగలేదు. అమెరికా పర్యావరణ సంస్థ ఇటువంటి నూరుకు పైగా పరికరాలను పరిశీలిస్తే, స్వల్పంగానైనా మేలు చేసినవి బహు కొద్ది. అల్లుడు కొనబోయిన అరవై డాలర్ల అయస్కాంతం అక్కడితో ఆగింది.

రెండు నెలల సగటు, మీటరు లోపం సవరించాక, 13.5 మైళ్ళు. ఇంతేనా అనిపిస్తుంది. ఏడాదికి పదివేల మైళ్ళకు లెక్క వేయండి: 926 గ్యాలన్లు పోయవలసిన చోట 741. మిగిలినది 185 గ్యాలన్లు, అంటే ఏడువందల లీటర్లు. ముప్ఫై మైళ్ళిచ్చే కారు అమ్మి నలభై ఇచ్చేది కొన్నా అంతే దూరానికి మిగిలేది 83 గ్యాలన్లే. గ్యాలనుకు మైళ్ళు అనే కొలత మన కళ్ళు కప్పుతుందని లారిక్, సోల్ అనే ఇద్దరు ఆచార్యులు 2008లో సైన్స్ పత్రికలో చూపినది ఈ భ్రమనే. బాగా తాగేవాడు ఒక గుక్క మానితే మిగిలేది ఎక్కువ.

కుడివైపు వెనుక చక్రం మాత్రం, బ్రేకు పెద్దగా వేయకుండా పది మైళ్ళు పోయి చేయి దగ్గర పెట్టినా, ఎడమదానికంటె వేడిగా తగులుతున్నది. బ్రేకు పట్టి ఉంచుతున్నదని నా అనుమానం. వచ్చే శనివారం డ్రమ్ము విప్పి చూస్తామన్నాడు.