ఇనుప బాణం నుంచి కాగితపు రాకెట్టు దాకా

మైసూరు యుద్ధభూమిలో నిప్పులు కక్కిన రాకెట్టు పిల్లల చేతికి పాఠంగా ఎలా వచ్చింది? ఆ చరిత్రలో నంద్యాల సీమకున్న చోటేమిటి?

1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడిపోయింది. టిప్పు సుల్తాను నేలకొరిగాడు. గెలిచిన ఈస్టిండియా కంపెనీ, నిజాము పక్షానికి దక్కిన సొత్తులో రెండింటి గురించి మనం చెప్పుకోవాలి. ఒకటి మైసూరు రాకెట్లు. వాటిలో కొన్ని ఓడ ఎక్కి ఇంగ్లండులోని వూలిచ్ ఆయుధశాలకు చేరాయి. రెండోది భూమి. మైసూరు యుద్ధాల వల్ల నిజాముకు దక్కిన కడప, బళ్లారి ప్రాంతాలు 1800 అక్టోబరులో, సైన్యం ఖర్చు కింద ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. నంద్యాలను ఏలుతున్న కర్నూలు నవాబు కూడా ఆ తర్వాత కప్పం కంపెనీకే కట్టవలసి వచ్చింది. 1839లో కంపెనీ ఆ రాజ్యాన్నీ కలిపేసుకుంది.

1800 నాటి ఆ అప్పగింతతో ఈ ప్రాంతానికి దత్త మండలాలన్న పేరు పడింది. తమ నేలను ఎవరో ఎవరికో ఇచ్చేసిన సొమ్ములా పిలవడం ఇక్కడి పెద్దలకు నచ్చలేదు. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించిన ‘రాయలసీమ’ పేరును స్వీకరించారు. అంటే రాకెట్లను సముద్రం దాటించిన యుద్ధాలే మన సరిహద్దులనూ తిరగరాశాయి.

ఇనుము తెచ్చిన బలం

మైసూరు రాకెట్టు గొప్పతనమంతా దాని గొట్టంలో ఉంది. అప్పటికి ఐరోపాలో రాకెట్లను ఎక్కువగా కాగితపు గొట్టాలతోనే చేసేవారు. మైసూరు కమ్మరులు మెత్తటి ఇనుమును సాగగొట్టి గొట్టాలు చుట్టారు. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన మందును అందులో గట్టిగా దట్టించారు. ఇనుము ఎక్కువ ఒత్తిడికి తట్టుకుంటుంది కాబట్టి రాకెట్టు కిలోమీటరుకు మించి దూసుకుపోయేది. దారి తప్పకుండా పొడవైన వెదురు కర్ర కట్టేవారు.

1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కల్నల్ బెయిలీ సేన ఓడిపోవడంలో ఈ రాకెట్ల పాత్ర ఉంది. మందుగుండు బండ్లు పేలిపోవడానికి రాకెట్టు తగలడమే కారణమని చెబుతారు. వూలిచ్ చేరిన నమూనాల స్ఫూర్తితో విలియం కాంగ్రీవ్ తన రాకెట్లు తయారుచేశాడు. అవి 1807లో కోపెన్‌హాగన్ నగరాన్ని తగలబెట్టాయి. 2018లో కర్ణాటకలోని నగర కోట బావిలో వెయ్యికి పైగా మైసూరు రాకెట్లు బయటపడ్డాయి.

చెప్పుల దుకాణంలో పుట్టిన ఆలోచన

1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరాక అమెరికా పిల్లలకు రాకెట్ల పిచ్చి పట్టుకుంది. ఇనుప గొట్టాల్లో సొంతంగా మందు కూరబోయి చాలామంది గాయపడ్డారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. దీనికి విరుగుడు నెబ్రాస్కా రాష్ట్రం నార్ఫోక్‌లో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ దగ్గర అప్పటికే ఉంది. ఆయన తన సోదరుడు రాబర్ట్‌తో కలిసి 1954లోనే కాగితపు గొట్టంతో, తేలికపాటి కర్ర రెక్కలతో ఒక రాకెట్టు చేశాడు. అది పైకెళ్లి పారాచూట్ విప్పుకొని దిగేది. దాన్ని మళ్లీ ఎగరేయవచ్చు.

వైట్ శాండ్స్ క్షిపణి కేంద్రంలో పనిచేసిన హ్యారీ స్టైన్ ఆ రాకెట్టు విలువను గుర్తించి, భద్రతా నియమాలతో ఉద్యమంగా మలిచాడు. బాణసంచా వ్యాపార కుటుంబంలో పుట్టిన వెర్న్ ఎస్టెస్, మందును ఒకే కొలతలో దట్టించే యంత్రం తయారుచేశాడు. దానికి మేబెల్ అని పేరు పెట్టుకున్నాడు. నా దృష్టిలో రాకెట్ల చరిత్రలో పిల్లలకు జరిగిన అతిపెద్ద మేలు ఇదే. మందు ముట్టుకోవలసిన పని పిల్లలకు తప్పింది. ఇనుము రాకెట్టును ఆయుధంగా మార్చింది, కాగితం దాన్ని పాఠశాలకు తెచ్చింది.

కిట్టులో ఏముంటుంది?

మొదటిసారి చేసేవారి రాకెట్టు కిట్టులో కాగితపు గొట్టం, ముక్కు శంకువు, మూడు నాలుగు బాల్సా రెక్కలు, మందు నింపిన మోటారు కూర్చునే చిన్న గొట్టం, సాగే తాడు, ప్లాస్టిక్ పారాచూట్ ఉంటాయి. రెక్కలు అతికించడమే అసలైన పని. కాగితపు పట్టీని గొట్టం చుట్టూ చుట్టి, ఆ పొడవును రెక్కలెన్నో అన్ని సమభాగాలు చేసి గుర్తులు పెట్టుకోవాలి. ఆళ్లగడ్డ శిల్పి ఉలి పట్టడానికి ముందు రాయి మీద గీతలు గీసుకున్నంత శ్రద్ధ ఇక్కడ అవసరం. ఒక్క రెక్క వంకరపోయినా రాకెట్టు దారి తప్పుతుంది.

బరువు నిలిచే బిందువు, గాలి ఒత్తిడి పనిచేసే బిందువు కంటే ముందుండాలి. సరిచూడటానికి ఒక సులువు ఉంది. మోటారుతో సహా రాకెట్టు సమంగా నిలిచేచోట దారం కట్టి, తల చుట్టూ గుండ్రంగా తిప్పాలి. ముక్కు ముందుకే ఉంటే ఎగరడానికి సిద్ధమైనట్టు. లేకపోతే ముక్కులో కొంచెం బరువు పెంచాలి.

మోటారు మీద ఏ8-3 అని ఉంటే, అది ఏ తరగతిదని అర్థం. మొత్తం ప్రచోదనం 2.5 న్యూటన్ సెకండ్లకు మించదు. సగటు తోపుడు 8 న్యూటన్లు. మందు మండేది సెకను లోపే. ఆ తర్వాత 3 సెకన్లు ఆగి లోపలి చిన్న మందు పేలి పారాచూట్‌ను బయటికి నెడుతుంది. అగ్గిపుల్లతో అంటించకూడదు. 5 మీటర్ల దూరం నుంచి బ్యాటరీ తీగలతో అంటించాలి. అంటించే పరికరం తాళంచెవి పెద్దల దగ్గరే ఉండాలి.

రెండుసార్లు నేర్పిన పాఠం

శ్రీహరికోట నుంచి తొలి రాకెట్టు 1971 అక్టోబరు 9న ఎగిరింది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 సముద్రంలో పడింది. 1980 జులై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి 1977లో నంద్యాల నుంచే లోక్‌సభకు గెలిచారు. 1993 సెప్టెంబరు 20న తొలి పీఎస్ఎల్‌వీ విఫలమై, 1994 అక్టోబరు 15న రెండోది విజయం సాధించింది. అప్పటి ప్రధాని పీవీ నరసింహారావు కూడా నంద్యాల ఎంపీయే. రెండుసార్లూ మొదటిది పోయింది, రెండోది నిలిచింది. పారాచూట్ విప్పుకోక రాకెట్టు నేలకూలితే దిగులుపడే పిల్లలకు ఇంతకంటే మంచి ధైర్యం ఎక్కడ దొరుకుతుంది?

నంద్యాల నుంచి కర్నూలు వెళ్లే దారిలోని ఓర్వకల్లు ప్రాంతంలో నేడు డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రం ఉంది. 2025 జులైలో అక్కడ డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని పరీక్షించారు. పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాక స్థాపించిన హైదరాబాద్ సంస్థ స్కైరూట్, 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్‌ను ఎగరేసింది. అది 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది.

మన బడుల్లో మొదలుపెడదాం

మందు మోటార్లు మన దేశంలో పేలుడు పదార్థాల చట్టం పరిధిలోకి వస్తాయి. అనుమతి లేకుండా తెచ్చుకోకూడదు, ఇంట్లో తయారుచేయడం అసలే కూడదు. అలాగని బడులు ఆగిపోనక్కర్లేదు. 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, వాల్వు బిగించి, సైకిల్ పంపుతో గాలి కొడితే నీటి రాకెట్టు లేస్తుంది. మంచినీళ్ల సీసా పలచగా ఉంటుంది, దాన్ని వాడకూడదు. పగులు పట్టిన సీసాను పక్కన పెట్టాలి. పిల్లలు దూరంగా నిలబడి తాడు లాగి వదలాలి.

శనగ కోత అయ్యాక కుందూ నది పరీవాహకంలోని నల్లరేగడి చేలు విశాలంగా ఖాళీగా ఉంటాయి. కరెంటు తీగలు లేనిచోటు చూసుకుంటే అంతకు మించిన మైదానం అక్కర్లేదు. రాకెట్టు ఎగిరిన చోటు నుంచి 50 మీటర్ల దూరంలో కోణమానినికి దారం, చిన్న రాయి కట్టి పట్టుకున్న అమ్మాయికి 45 డిగ్రీలు కనిపిస్తే, రాకెట్టు ఆమె కంటికి 50 మీటర్ల పైన ఉన్నట్టు. పదో తరగతి త్రికోణమితి ఇంతకంటే బాగా ఎక్కడ అర్థమవుతుంది?

ఏటా అక్టోబరు 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారం జరుగుతుంది. నంద్యాల, ఆళ్లగడ్డల్లోని ప్రతి ఉన్నత పాఠశాలా ఆ వారంలో ఒక పూట బడి మైదానంలో నీటి రాకెట్లకు ఇవ్వాలి. ఎత్తులు రాసుకోవాలి, పడిపోయినవి ఎందుకు పడ్డాయో చర్చించాలి, సరిచేసి మళ్లీ ఎగరేయాలి. పంపు, సీసాలు, ఒక మైదానం, పక్కన నిలబడే ఉపాధ్యాయుడు ఉంటే చాలు, ఈ అక్టోబరులోనే మొదలుపెట్టవచ్చు.